దూరాన బిడ్డలు, ఊర్లో పెద్దలు, నడుమ ఒక ఫోన్

మన సంఘానికి ప్రతి ఏటా చేయూతనిచ్చే దాతల్లో ఎక్కువమంది ఊరు విడిచి వెళ్ళినవారే. కొందరు మెహిదీపట్నం, టోలీచౌకీలలో స్థిరపడ్డారు. కొందరు రియాద్, జెద్దా, దుబాయ్‌లలో కొలువు చేస్తున్నారు. అమెరికా చేరినవారూ ఉన్నారు. వారి అమ్మీ, అబ్బా మాత్రం ఆలూరులోనో, చేవెళ్లలోనో, మొయినాబాద్ చుట్టుపక్కల ఏదో పల్లెలోనో పాత ఇంట్లోనే ఉన్నారు. బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల నీడన బస్సెక్కి వెళ్ళిన బిడ్డ పండుగకు వస్తాడు, పెళ్ళికి వస్తాడు, మళ్ళీ వెళ్తాడు. మిగిలిన రోజులన్నీ ఫోన్ మీదే గడుస్తాయి. ఆ ఫోన్‌ను ఎలా వాడితే పెద్దలకు నిజమైన ఆసరా అవుతుందో ఒక పాఠంలా చెప్పుకుందామని ఈ వ్యాసం రాస్తున్నాము. బడి పంతుళ్ళం కనుక పాఠం చెప్పే అలవాటు పోదు, పాఠకులు మన్నించాలి.

ఎడబాటు మనకు కొత్తది కాదు. 1970ల తర్వాత చమురు దేశాలకు మనవాళ్ళు వెళ్ళడం మొదలైనప్పుడు ఉత్తరమే దిక్కు. మేము చదువుకునే రోజుల్లో ఊళ్ళో చదవడం వచ్చిన పిల్లలకు అదొక పని. సౌదీ నుంచి వచ్చిన చిట్ఠీని పక్కింటి ఖాలాకు చదివి వినిపించాలి, ఆమె చెప్పింది రాసిపెట్టాలి. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ చెప్పినదంతా చివరికి కాగితం మీద "ఇక్కడ అందరం క్షేమం" అనే ఒక్క వాక్యంగా మారేది. తర్వాత క్యాసెట్లు వచ్చాయి. సెలవుపై వచ్చేవారి చేతికి గంటసేపు మాటలు నింపిన క్యాసెట్ ఇచ్చి పంపేవారు. ఆ తర్వాత ఎస్టీడీ బూత్, అందులో ఎర్ర అంకెలతో పరుగెత్తే మీటర్. అది చూస్తూ ఎవరు మనసు విప్పి మాట్లాడగలరు? ఇప్పుడు ముఖం చూస్తూ గంట మాట్లాడినా ఖర్చు లెక్కలోకి రాదు. అయినా ఆ పాత వాక్యం మాత్రం అలాగే ఉంది.

"అమ్మీ, కైసే హై?"
"అచ్ఛీచ్ హూఁ బేటా."

రోజూ ఫోన్ చేసే బిడ్డకు కూడా అమ్మ వారం నుంచి సరిగా తినడం లేదని తెలియకపోవడానికి కారణం ఇదే. లోపం ఫోన్‌లో లేదు, అడిగే ప్రశ్నలో ఉంది. ఉపాధ్యాయ శిక్షణలో మాకు మొదట నేర్పిన సంగతుల్లో ఇదొకటి. "అర్థమైందా?" అని అడిగితే తరగతి మొత్తం "అయింది సార్" అంటుంది. అర్థమైందో లేదో తెలియాలంటే "ఈ లెక్క చేసి చూపించు" అనాలి. పెద్దల విషయంలోనూ అంతే. "బాగున్నావా?" అంటే "బాగున్నా" తప్ప మరో జవాబు రాదు. దూరాన ఉన్న బిడ్డను కంగారు పెట్టకూడదన్నది తల్లి స్వభావం. అందుకే ప్రశ్న మార్చాలి. "ఇవాళ ఏం వండుకున్నావు? పొయ్యి ఎవరు వెలిగించారు? నిన్న మస్జిద్‌కు అబ్బా నడిచి వెళ్ళాడా, ఎవరైనా బండి మీద తీసుకెళ్ళారా? గోళీల డబ్బా ఇట్లా పట్టుకో, చూస్తా." వీటికి అవును, కాదు అని జవాబు చెప్పి తప్పించుకోలేరు. నాలుగు రోజులు వరుసగా "పొద్దుటి రొట్టే ఉంది, అదే తిన్నా" అని వినబడితే ఏదో జరుగుతోందని అర్థం. పళ్ళ నొప్పి కావచ్చు, గ్యాస్ బండ అయిపోయి ఉండవచ్చు, మనసు బాగుండక పోవచ్చు.

వీడియో కాల్‌లో ముఖం ఒక్కటే చూస్తే చాలదు. వెనక ఏముందో కూడా చూడండి. ఎప్పుడూ మడతపెట్టి ఉండే దుప్పటి పరుపు మీదే పడి ఉందా? పగటిపూట కూడా తలుపు మూసి ఉందా? నడిచి వెళ్ళి కుండలో నీళ్ళు ముంచుకోమని ఏదో వంకతో చెప్పండి, నడక తెలుస్తుంది. అమ్మ ఒకే సంగతి అదే కాల్‌లో మూడోసారి చెబుతోందా, మనవడి పేరు మరిచిపోయిందా, గమనించండి. "వయసు కదా" అని కొట్టిపారేయకుండా తేదీతో రాసుకుంటే డాక్టరుకు ఆ కాగితమే సగం పని చేసి పెడుతుంది.

ఇందులో ఒకటి ప్రాణం మీదికి వచ్చేది, దాన్ని విడిగా చెప్పాలి. మాట్లాడుతుండగా మాట ముద్దగా వస్తున్నా, మూతి ఒక పక్కకు లాగినట్టున్నా వెంటనే మూడు పనులు చేయించండి. నవ్వమనండి. రెండు చేతులూ ఎదురుగా పైకెత్తి పట్టుకోమనండి. ఒక చిన్న వాక్యం చెప్పమనండి. నవ్వు వంకరైనా, ఒక చేయి కిందికి జారినా, మాట తడబడినా పక్షవాతంగానే భావించి గడియారం చూసుకోవాలి. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. అది కూడా తల స్కానింగ్ చేసిన తర్వాతే. ఆలూరు నుంచి స్కానింగ్ ఉన్న పెద్ద ఆసుపత్రికి చేరే ప్రయాణం కూడా ఆ గంటల్లోనే ఇమడాలి. "కొంచెం పడుకో, తెల్లారి చూద్దాం" అనే మాట ఇక్కడ పనికిరాదు.

అప్పుడు బిడ్డ ఏం చేస్తాడు? 108కి ఫోన్ చేస్తాననుకుంటాడు. 2005 ఆగస్టు 15న మన ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ సేవ ఎన్ని ప్రాణాలు నిలిపిందో అందరికీ తెలుసు. కానీ రియాద్ నుంచి 108 నొక్కితే మన చేవెళ్ల అంబులెన్సుకు కలవదు. ముంబై నుంచి నొక్కినా అది అక్కడి 108కే పోతుంది. ఇటువంటి చిన్న నంబర్లు ఎక్కడ నొక్కితే అక్కడివే పలుకుతాయి. కాబట్టి దూరాన ఉన్న ప్రతి బిడ్డ దగ్గర ఊళ్ళోని కనీసం ముగ్గురి పది అంకెల నంబర్లు ఉండి తీరాలి. గోడకు గోడ ఆనుకున్న పొరుగింటివారిది ఒకటి, రాత్రిపూట కూడా బండి తీయగలిగిన యువకుడిది ఒకటి, మస్జిద్ ఇమామ్ సాహెబ్‌దో, ఆశా కార్యకర్తదో ఇంకొకటి. పొరుగువారు మన మతం వారా కాదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. మన పల్లెల్లో కష్టానికి ముందు పరుగెత్తి వచ్చేది పక్కింటి లక్ష్మమ్మో, ఎదురింటి యాదయ్యో. ఆ ముగ్గురితో ఆపద వచ్చినప్పుడు మొదటిసారి మాట్లాడితే పని జరగదు. పండుగకు వచ్చినప్పుడు వారి ఇంటికి వెళ్ళి, కూర్చుని, చాయ్ తాగి రావాలి. ఇది సాంకేతికత కాదంటారేమో. ఇది లేకపోతే మిగతా సాంకేతికత ఏదీ పనిచేయదు.

పెద్దవారి చేతిలో ఉన్న ఫోన్‌లోనే మరో సదుపాయం ఉందని చాలామందికి తెలియదు. 2016లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం 2017 నుంచి మన దేశంలో అమ్మే ప్రతి సెల్‌ఫోన్‌లో అత్యవసర బటన్ ఉండాలి. మామూలు బటన్ ఫోన్ అయితే 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకోవాలి. టచ్ ఫోన్ అయితే పక్కనున్న పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కాలి (కొన్ని ఫోన్లలో ఐదుసార్లు పెట్టారు, సెట్టింగుల్లో చూసుకోవాలి). కాల్ 112కి పోతుంది. అదే సెట్టింగుల్లో కొడుకు నంబరు, పొరుగువారి నంబరు కూడా కలిపి పెట్టవచ్చు. సెలవుకు వచ్చినప్పుడు ఐదు నిమిషాల పని.

ఇక నేర్పడం సంగతి. సెలవుకు వచ్చిన కొడుకు కొత్త టచ్ ఫోన్ తెస్తాడు, వెళ్ళే ముందు రోజు రాత్రి గబగబా అంతా చూపిస్తాడు. "ఇది నొక్కు, ఇట్లా జరుపు, అంతే, ఇంత సులువు." తెల్లారి విమానం ఎక్కుతాడు. ఆ ఫోన్ బీరువాలో చేరుతుంది. తరగతి గదిలో ఏ పంతులూ సంవత్సరం పాఠం ఒక పూటలో చెప్పడు. మేము ఊళ్ళో పెద్దలను కూర్చోబెట్టి ఫోన్ నేర్పేటప్పుడు పెట్టుకున్న నియమం, ఒక రోజుకు ఒకే పని. మొదటి రోజు వచ్చిన కాల్ ఎత్తడం, అంతే. పచ్చగుర్తు పైకి జరపాలా, నొక్కాలా అన్నదే వాళ్ళకు పెద్ద చిక్కు, ఎందుకంటే రెండు ఫోన్లలో రెండు రకాలు. ముదురు వేళ్ళకు, పొలంలో కాయలు కాసిన చేతులకు గాజు తెర ఒక్కోసారి స్పందించదు. వేలు కాస్త తడి చేసుకుని తుడుచుకుంటే స్పందిస్తుంది. ఈ సంగతి మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు, ఒక దాదీయే కనిపెట్టి చెప్పింది.

రెండో నియమం, ఫోన్ వాళ్ళ చేతిలోంచి తీసుకోకూడదు. మన చేత్తో చేసి చూపిస్తే మనకు తృప్తి, వాళ్ళకు రాదు. పేర్లకు బదులు ఫోటోలు పెట్టాలి. చదువురాని అమ్మకు "సలీం" అన్న అక్షరాలకంటే సలీం ముఖం సులువు. అక్షరాల పరిమాణం పెంచాలి, గంట శబ్దం పెంచాలి, అక్కరలేని బొమ్మలన్నీ మొదటి తెర మీంచి తీసేయాలి. పేరు టైపు చేయడం రానివారికి మైకు గుర్తు నొక్కి మాట పంపడం నేర్పితే ఊట తెగినట్టు మాట్లాడతారు. మనవళ్ళు, మనవరాళ్ళను గురువులుగా పెడితే మంచిది కానీ ఒక షరతు మీద. "ఇది కూడా రాదా నానీ" అనే మాట నోట రాకూడదు. తల్లిదండ్రులు ముసలితనంలో ఉంటే వారి ముందు విసుగుతో "ఉఫ్" అని కూడా అనవద్దని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఆదేశించింది. ఫోన్ నేర్పేటప్పుడు ఆ "ఉఫ్" ఎన్నిసార్లు నోటిదాకా వస్తుందో నేర్పినవారికే తెలుసు.

వేళల లెక్క కూడా చూసుకోవాలి. రియాద్ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక. రియాద్‌లో కొడుకు డ్యూటీ దిగి, వండుకుని తిని రాత్రి పదికి ఫోన్ పడితే ఇక్కడ పన్నెండున్నర. అమ్మ ఆ ఫోన్ కోసం మేల్కొని, ఫజర్‌కు మళ్ళీ లేస్తుంది. బీపీ ఎందుకు తగ్గడం లేదని డాక్టరు అడుగుతాడు. రాత్రి మాటను రికార్డు చేసి పంపండి, ఆమె పొద్దున వింటుంది. శుక్రవారం తీరికగా ముఖాముఖి మాట్లాడండి. దుబాయ్‌లో ఉన్నవారికి వాట్సాప్ సందేశం వెళ్తుంది, కాల్ కలవదు. అక్కడివారు బోటిమ్ వంటివి వాడతారు. కాబట్టి ఊళ్ళోని ఫోన్‌లోనూ అదే వేసి, దాన్ని ఎత్తడం విడిగా నేర్పాలి.

ఏమీ ఖర్చులేని మరో పద్ధతి ఉంది. మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న మిస్డ్ కాల్. ఫజర్ నమాజు కాగానే అమ్మ ఒక మిస్డ్ కాల్ ఇస్తుంది, "లేచాను, బాగున్నాను" అని దాని అర్థం. ఏడు దాటినా రాకపోతే కొడుకు పొరుగింటికి ఫోన్ చేస్తాడు. జపాన్‌లో జోజిరుషి అనే సంస్థ 2001లో ఒక విద్యుత్ కెటిల్‌ను తెచ్చింది. ఒంటరిగా ఉన్న వృద్ధులు టీకి నీళ్ళు వంచుకున్న సంగతి దూరాన ఉన్న పిల్లలకు సందేశంగా చేరుతుంది. అమ్మ చాయ్ పెట్టుకుందంటే లేచి తిరుగుతోందన్న మాట. ఎంత మర్యాదైన ఉపాయం! ఎవరూ ఎవరినీ తొంగి చూడలేదు. మన మిస్డ్ కాల్ చేసేది కూడా ఆ పనే.

తొంగి చూడడం అన్నాము కనుక కెమెరాల మాట చెప్పాలి. ఈ మధ్య దూరాన ఉన్న పిల్లలు ఇంట్లో కెమెరాలు బిగించి, ఫోన్‌లో చూసుకుంటున్నారు. వారి ఆదుర్దా మాకు అర్థమవుతుంది. దొంగల భయం ఉంది, పడిపోతారన్న భయం ఉంది. కానీ పడక గదిలో, స్త్రీలు తల మీద కొంగు లేకుండా మెసిలే చోట కెమెరా పెట్టడం మాకు ఏ విధంగానూ సమ్మతం కాదు. ఆ దృశ్యం కొడుకు ఫోన్‌లోకే పోతుందన్న నమ్మకం ఏమిటి? రహస్యపదం మార్చని కెమెరాలోకి బయటివారు చొరబడడం సాధ్యమే. ఆ సంగతి పక్కన పెట్టినా, అమ్మ తన ఇంట్లో తాను కూడా పరదా వేసుకుని కూర్చోవలసి వస్తే అది ఇల్లెలా అవుతుంది? తప్పనిసరైతే వీధి తలుపు దగ్గర, వరండాలో పెట్టండి, అదీ వారిని అడిగి, వారికి చూపించి, ఎలా ఆపాలో నేర్పి. అడగకుండా పెట్టినది రక్షణ అనిపించుకోదు. మంచం పట్టినవారి విషయం వేరు, అక్కడ సేవ చేసే మనిషితో కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇంట్లో ఉండదగిన యంత్రాలు రెండు. బీపీ మిషన్, షుగర్ మిషన్. మణికట్టుకు పెట్టే దానికంటే మోచేతిపైన కట్టే బీపీ మిషన్ నమ్మదగినది. కొలిచే ముందు ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోవాలి. వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, చేయి గుండె ఎత్తున ఉంచి, రెండుసార్లు కొలవాలి. మెట్లెక్కి వచ్చి, మాట్లాడుతూ, మంచం మీద కాళ్ళు వేలాడేసి కొలిస్తే అంకె పెరుగుతుంది. ఆ అంకె చూసి దుబాయ్‌లో కొడుకుకు నిద్ర పట్టదు. షుగర్ చూసేముందు చేతులు సబ్బుతో కడగాలి. మామిడిపండు తిన్న వేలితో చూస్తే రక్తంలో లేని షుగర్ కూడా కనబడుతుంది. పట్టీల డబ్బా మీద గడువు తేదీ చూడాలి. అంకెలన్నీ ఒకే నోటుపుస్తకంలో తేదీతో రాసి, వారానికొకసారి ఆ పేజీ ఫోటో తీసి పంపితే చాలు. గంటకోసారి కొలిచి పంపమనే కొడుకులూ ఉన్నారు. అది వైద్యం కాదు, బెంగ.

డాక్టరును చూడడానికి ప్రతిసారీ నగరానికి వెళ్ళక్కరలేదు. కేంద్ర ప్రభుత్వ ఈ-సంజీవని ద్వారా ఫోన్‌లోనే డాక్టరుతో మాట్లాడవచ్చు. కరోనా లాక్‌డౌన్ కాలంలో, 2020 ఏప్రిల్‌లో, ఇంటి నుంచే వాడుకునే వీలు కల్పించారు. పల్లె దవాఖానాకు వెళ్తే అక్కడి సిబ్బంది తెర మీద పెద్ద డాక్టరును కలిపిస్తారు. పాత మందు కొనసాగించాలా, రిపోర్టు ఎలా ఉంది వంటి వాటికి ఇది బాగా పనికొస్తుంది. గుండెనొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం వంటి వాటికి తెర పనికిరాదు, మనిషిని చేవెళ్ల ప్రభుత్వ ఆసుపత్రికో, మొయినాబాద్ దగ్గరున్న భాస్కర్ వైద్య కళాశాల ఆసుపత్రికో చేర్చాల్సిందే. మనసుకు సంబంధించి టెలి-మానస్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడతారు. వృద్ధుల కోసమే ఎల్డర్ లైన్ 14567 ఉంది. ముందు హైదరాబాదులో మొదలై, 2021 అక్టోబరు 1న దేశమంతటా విస్తరించింది. పింఛను చిక్కు మొదలుకుని పిల్లలు చూడకపోవడం దాకా ఏదైనా చెప్పుకోవచ్చు. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఫిర్యాదు ఎలా చేయాలో కూడా చెబుతారు. చుట్టుపక్కల భూముల ధరలు పెరిగిన ఈ రోజుల్లో, సంతకం పెట్టించుకుని తర్వాత ముఖం చాటేసే బిడ్డలు మన సమాజంలో లేరని అనుకోవడం అమాయకత్వం. బిడ్డ చూసుకుంటాడన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూడకపోతే రద్దు చేసే వీలు ఆ చట్టం 23వ సెక్షన్‌లో ఉంది. రాసిచ్చేటప్పుడు ఆ షరతు కాగితంలో ఉండేలా చూసుకోవాలి.

డబ్బు పంపే సంగతికి వద్దాం. హైదరాబాదులో ఉన్న కొడుకు తన ఖాతా నుంచే అమ్మ ఫోన్ ద్వారా ఖర్చు జరిగేలా యూపీఐ సర్కిల్ అనే పద్ధతి 2024 ఆగస్టులో వచ్చింది. అమ్మకు విడిగా బ్యాంకు ఖాతా లింకు అక్కరలేదు. పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000 రూపాయలు, ఒక్కసారికి 5,000 దాటకుండా ఆమె చెల్లించవచ్చు. లేదా ప్రతి చెల్లింపుకూ కొడుకు సరేనన్నాకే డబ్బు కదిలేలా పెట్టుకోవచ్చు. మందుల దుకాణం, కిరాణం, పాలవాడు, ఈ మూడింటికి ఇది చక్కగా సరిపోతుంది. సెంట్రల్ పింఛనుదారులకు ఏటా నవంబరులో ఇవ్వాల్సిన జీవన ప్రమాణ పత్రం 2014 నుంచి డిజిటల్‌గా ఇవ్వవచ్చు. 2021 నుంచి వేలిముద్ర బదులు ముఖం చూపించి ఇంట్లోనే చేసుకోవచ్చు. జీవితమంతా సుద్దముక్కతోనో, కొడవలితోనో అరిగిన వేలికి ముద్ర పడక మూడుసార్లు తిరిగినవారికి ఆ సౌకర్యం విలువ తెలుసు.

ఫోన్ ద్వారా డబ్బు వచ్చినట్టే పోతుంది కూడా. పోలీసు దుస్తుల్లో వీడియో కాల్ చేసి, "నీ కొడుకు పంపిన పార్సిల్‌లో మత్తుమందు దొరికింది, నిన్ను డిజిటల్ అరెస్టు చేశాం, గది దాటవద్దు, ఎవరికీ చెప్పవద్దు" అని బెదిరించి ఖాతా ఊడ్చే మోసగాళ్ళు ఇప్పుడు ఎక్కువయ్యారు. డిజిటల్ అరెస్టు అనేది చట్టంలో లేనే లేదు. కొడుకు విదేశంలో ఉన్న తల్లి ఈ మాటకు త్వరగా భయపడుతుంది, ఎందుకంటే పార్సిల్ నిజంగానే వస్తుంటుంది. ఇంట్లో ఒక రహస్య మాట పెట్టుకోండి. చిన్నప్పటి మేక పేరో, పాత ఇంటి గుర్తో ఏదైనా. కొడుకు పేరుతో డబ్బు అడిగే ఎవరైనా ఆ మాట చెప్పాలి. ఇప్పుడు గొంతును కూడా యంత్రంతో అనుకరిస్తున్నారు కనుక గొంతు గుర్తుపట్టానన్న ధీమా చాలదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము ఆపే అవకాశం అంత ఎక్కువ. మోసపోయిన పెద్దలు సిగ్గుతో దాచుకుంటారు. వారిని తిట్టే బిడ్డ ఉన్న ఇంట్లో ఆ ఫోన్ ఎప్పటికీ ఆలస్యంగానే వెళ్తుంది.

రమజాన్ గురించి కాస్త విస్తరంగా చెప్పాలి. మన పెద్దలకు ఏడాదిలో అన్నింటికంటే ఇష్టమైన నెల అదే, షుగర్ ఉన్నవారికి అన్నింటికంటే జాగ్రత్త అవసరమైన నెల కూడా అదే. ఎపిడియార్ అనే అధ్యయనం 2001లో మన దేశంతో సహా 13 దేశాల్లో 12,243 మంది షుగర్ రోగులను పరిశీలించింది. వయసుతో వచ్చే రెండో రకం షుగర్ ఉన్నవారిలో 79 శాతం మంది కనీసం 15 రోజులు ఉపవాసం ఉన్నారు. ఆ నెలలో షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం వారిలో మిగతా నెలలకంటే ఏడున్నర రెట్లు పెరిగింది. ఇప్పుడు ఆలూరులో ఒంటరిగా ఉన్న అమ్మను ఊహించుకోండి. సహర్‌లో నాలుగు ముద్దలు తిని, గోళీ మాత్రం మామూలుగానే వేసుకుని, అసర్ వేళకు చెమటలు పట్టి, చేతులు వణుకుతూ, "మగ్రిబ్ ఎంతసేపు" అని కూర్చుంటుంది. ఇఫ్తార్‌కు ముందు కొడుకుకు ఫోన్ చేసి బెంగ పెట్టడం ఆమెకు ఇష్టం ఉండదు.

వైద్యుల అంతర్జాతీయ మార్గదర్శకాలు చెప్పేది స్పష్టంగా ఉంది. రమజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. మందుల మోతాదు, వేళలు ఆయనే మార్చాలి. గ్లిమెపిరైడ్ వంటి గోళీలు, ఇన్సులిన్ వాడేవారికి ఇది మరీ ముఖ్యం. షుగర్ 70 కంటే తగ్గినా, 300 దాటినా, ఒంట్లో బాగాలేకపోయినా ఆ రోజు ఉపవాసం విరమించాలి. తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాల తర్వాత మళ్ళీ చూసుకోవాలి. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా భంగమవుతుందని చాలామంది పెద్దలు భయపడి మిషన్ ముట్టరు. దాంతో భంగం కాదని ఉలమాలు చెబుతున్నారు. ఈ ఒక్క మాట తెలియక మిషన్ అల్మారాలో, ప్రాణం అపాయంలో ఉంటుంది. రోగులకు ఉపవాసం నుంచి సడలింపు ఖుర్ఆన్ బఖరా సూరాలోనే ఉంది. కోలుకునే ఆశ లేనివారు ఫిద్యాగా రోజుకొక పేదకు భోజనం పెట్టాలి. బిడ్డ చెబితే అమ్మ వినదు, "నీకేం తెలుసు" అంటుంది. ఇమామ్ సాహెబ్ ఫోన్‌లో రెండు నిమిషాలు చెబితే వింటుంది. కాబట్టి కొడుకు చేయాల్సిన కాల్ అమ్మకు కాదు, ముందు ఇమామ్ సాహెబ్‌కు.

హజ్రత్ ఉవైస్ ఖర్నీ తల్లి సేవ కోసం యమన్‌లోనే ఉండిపోయి, ప్రవక్త మహనీయుల దర్శన భాగ్యానికి కూడా దూరమయ్యారని మనం చిన్నప్పటినుంచి వింటున్నాం. ఆ కథ విన్నప్పుడల్లా విదేశంలో ఉన్న బిడ్డకు గుండెలో ముల్లు గుచ్చుకుంటుంది. మేము ఎవరినీ తప్పుపట్టడం లేదు. ఆ బిడ్డ పంపే సొమ్ముతోనే ఇక్కడ మందులు, చెల్లెలి పెళ్ళి, తమ్ముడి చదువు సాగుతున్నాయి. అయితే డబ్బు, ఫోన్ రెండూ ఉన్నా ఇంటికి వెళ్ళి చూసివచ్చే మనిషి లేనప్పుడు ఆ రెండూ సగమే పనిచేస్తాయి.

దాతల ముందు ఒక సూచన ఉంచుతున్నాము. పెద్దల కోసం సాయం చేయాలనుకునేవారు ఫోన్లు కొని పంచడానికి ఉత్సాహం చూపిస్తారు. ఫోటోలో అది బాగా కనబడుతుంది కూడా. మా అనుభవంలో అవి సగం ఇళ్ళలో మనవళ్ళ ఆటలకు పోతాయి. దానికి బదులు, ఊళ్ళోనే చదువుకుని ఇంటిదగ్గర ఉన్న ఒక ఆడపిల్లకు నెల వేతనం ఇచ్చి, వారానికొకసారి ఇరవై ఇళ్ళు తిరిగేలా ఏర్పాటు చేయవచ్చు. ఆమె చేతిలో ఒక బీపీ మిషన్, ఒక షుగర్ మిషన్, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు. ఇంటికి వెళ్తుంది, కొలుస్తుంది, గోళీల డబ్బా చూస్తుంది, బిడ్డకు వీడియో కాల్ కలిపి పక్కన కూర్చుంటుంది. ఆడవారి ఇంట్లోకి ఆడపిల్ల వెళ్ళడం వల్ల పెద్దలు మనసు విప్పుతారు. మిషన్లు రెండూ కలిపినా ఒక మామూలు టచ్ ఫోన్ ఖరీదులో సగం కూడా కావు. మెల్లమెల్లగా ఖర్చయ్యేవి పట్టీలే. వాటికి నెలనెలా సొమ్ము కావాలి, ఒక్కసారి ఇచ్చే విరాళం చాలదు. ఇందులో జకాత్ ఎంత మేరకు వాడవచ్చో, ఎవరు హక్కుదారులో ఉలమాలను అడిగి నిర్ణయించాలి. సదఖా సొమ్ముకు ఆ చిక్కు లేదు.

ఈ పేజీని ఎవరైనా ఇంట్లో గోడకు అంటించాలనుకుంటే ఇంత రాసుకుంటే చాలు. అంబులెన్సు 108. ఏ ఆపదకైనా 112. పెద్దల సమస్యలకు 14567. మనసు బాగాలేకపోతే 14416. డబ్బు మోసానికి 1930. వాటి కింద పొరుగింటి నంబరు, బండి ఉన్న కుర్రాడి నంబరు, ఇమామ్ సాహెబ్ నంబరు. అంకెలు అరచేతి వెడల్పున, నల్ల రంగుతో రాయండి. నేల మీద పడిపోయినా కనబడేంత కిందికి అంటించండి.